లేని రెండో కొండ

మా బావ జీవితంలో ఒక్క కొండ కూడా ఎక్కలేదు. మోకాళ్ళ నొప్పులంటాడు, ఎండ పడదంటాడు, బూట్లు కరుస్తున్నాయంటాడు. అలాంటి మనిషి కూర్చున్న కుర్చీలోంచి కదలకుండా ఏకంగా ఒక కొత్త పర్వతాన్నే లేపి నిలబెట్టాడు. మా సంస్థలో అందరూ ఆయన్ని రెండుకొండలాయన అంటారు. ముఖం మీద అనరు. ముఖం మీద మాత్రం "తమరు లేకపోతే ఈ శాస్త్రం ఎక్కడుంది సార్" అంటారు. ఆయన కూడా కాదని ఎప్పుడూ అనలేదు.

నేను ఆయన భార్యకి చెల్లెల్ని. ఆయన విభాగానికి అధిపతి, నేను అదే విభాగంలో రాళ్ళు పొడి చేసే ల్యాబు నడుపుతాను. బావని ఎగతాళి చేసే హక్కు మరదలికి పుట్టుకతోనే వస్తుంది కాబట్టి, ఉద్యోగంలో చేరాక కూడా ఆ హక్కు వదులుకోలేదు. మీటింగుల్లో నేనేదైనా అంటే "ఆవిడ బావగారితో సరసమాడుతోంది" అని అందరూ నవ్వేస్తారు. సరదాకి అనడం ఎప్పుడో మానేశానని వాళ్ళకి తెలియదు.

అసలు సంగతి తెలియాలంటే కొండలు ఎలా అరుగుతాయో కాస్త చెప్పాలి. భయపడకండి, బావలా మైకు పట్టుకుని వదలని రకం కాదు నేను. కొండ లేస్తూ ఉండగానే వానా గాలీ ఏరూ కలిసి దాన్ని కొరుక్కు తింటూ ఉంటాయి. రాలిన ముక్కలూ ఇసుకా బురదా దిగువన ఉన్న పల్లంలో పొరలు పొరలుగా పేరుకుంటాయి. కోట్ల ఏళ్ళకి కొండ అరిగి నేలమట్టమైపోతుంది, పల్లంలోని పొరలు మాత్రం గట్టిపడి రాయిగా మిగులుతాయి. పోయిన కొండ గురించి మాకు ఏదైనా తెలిసిందంటే ఆ పొరల వల్లే. బీరువాలో దొంతరగా పెట్టిన బట్టల్ని పైనుంచి ఒక్కొక్కటే తీసి మంచం మీద వేస్తూ పోతే, బీరువాలో పైన ఉన్నది మంచం మీద అడుక్కి పోతుంది కదా. ఇదీ అంతే. కొండ నెత్తిమీది సున్నపురాయి ముందు రాలి పల్లంలో అడుగున పడుతుంది. కొండ కడుపులోని గ్రానైటు చివర్న బయటపడి, అరిగి, పల్లంలో అన్నిటికన్నా పైన చేరుతుంది. పల్లంలో బోరు వేసి పొడవాటి రాతికడ్డీలు పైకి తీస్తే ఆ వరసే కనబడాలి. ఆ కడ్డీల్నే మేం కోర్ అంటాం.

బావ చేతికి వచ్చిన కోర్‌లో వరస అలా లేదు. అడుగున గ్రానైటు ముక్కలు, పైన సున్నపురాయి ముక్కలు.

ఇంకొకరైతే ఎక్కడో తప్పు చేశానేమోనని మళ్ళీ మొదట్నుంచి చూసుకునేవాళ్ళు. బావ అలా చూసుకోలేదు, పుస్తకం రాశాడు. మొదట ఒక కొండ ఉండేదట. అది గ్రానైటు దాకా అరిగి మాయమైపోయిందట. ఆ తర్వాత అదే చోట సున్నపురాయి టోపీ పెట్టుకుని ఇంకో కొండ లేచిందట. ఆ పుస్తకంతో బావ దశ తిరిగిపోయింది. రెండో కొండ ఎప్పుడు లేచిందని ఒకరు, ఎంత ఎత్తు లేచిందని ఇంకొకరు, అసలెందుకు లేవాల్సి వచ్చిందని మరొకరు వ్యాసాలు రాసి ప్రమోషన్లు కొట్టేశారు. దాని మీది మంచు కరిగి ఏయే ఏరులు పారాయో ఒకావిడ రంగు రంగుల పటాలు కూడా గీసింది. ఆ పటాలు మా వరండా గోడ నిండా ఉన్నాయి. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళకి ఆల్బమ్ చూపించినట్టు, వచ్చిన ప్రతి అతిథికీ బావ వాటిని దగ్గరుండి చూపిస్తాడు.

మా ల్యాబు కూడా ఆ కొండ నీడలోనే బతికింది. కోర్ షెడ్డు నుంచి డబ్బా నంబరు వేసిన రాయి వస్తుంది. దాన్ని దంచి, జల్లించి, అందులోంచి జిర్కాన్ అనే సన్నటి గింజల్ని ఏరి, వాటి వయసు తేలుస్తాం. ఆ గింజ ఏ కొండరాయిలో పుట్టిందో, ఎప్పుడు పుట్టిందో తెలుస్తుంది గానీ, పల్లంలో ముందు పడిందా వెనక పడిందా అన్నది దానివల్ల తెలియదు. దానికి డబ్బా నంబర్నే నమ్ముకున్నాం. రాయి ముఖం చూసే తీరిక ఎవరికీ లేదు. రాయిగా వచ్చింది పొడిగా పోతుంది, పొడికి తలేది, కాళ్ళేవి?

అలాంటి చోటికి వచ్చింది నత్త.

నత్త అంటే నా దగ్గర పరిశోధనకి చేరిన అమ్మాయి. ఆ పేరు పెట్టింది మా ల్యాబులోవాళ్ళే. తక్కినవాళ్ళు డబ్బాల కొద్దీ రాళ్ళు పొడిచేసి లెక్కలు కట్టేస్తుంటే, ఈ పిల్ల ఒక్క రాతిముక్క ముందేసుకుని, తడిగుడ్డతో తుడిచి, భూతద్దం పెట్టి, పొర పొరా పెన్సిలుతో బొమ్మ గీస్తూ కూర్చునేది. మొదట్లో నాకూ చిరాకు వేసింది. "బొమ్మలు గీసుకోవడానికి ఇక్కడికెందుకమ్మా, ఇంట్లో కూర్చుని గీసుకోవచ్చుగా" అన్నాను కూడా. "ముందు చూసి, తర్వాత పొడిచేద్దాం మేడమ్, పొడిచేశాక చూడలేం కదా" అంది. జవాబు లేనప్పుడు నేను ఎక్కువగా కోప్పడతాను, అప్పుడూ అదే చేశాను.

ఓ రోజు భోజనాల వేళకి వచ్చి, "మేడమ్, షెడ్డు దాకా వస్తారా?" అని పిలిచింది.

షెడ్డంటే పొడవాటి రేకుల గది. నడిచే దారికి అటూ ఇటూ నిలువెత్తు ఇనప ర్యాకులు, వాటి నిండా డబ్బాలు, డబ్బా డబ్బాకీ వరసగా పేర్చిన కోర్ ముక్కలు. లోపల ఎప్పుడూ తడి సిమెంటు వాసన. నత్త ఒక డబ్బాని కిందికి దించి, బల్ల మీద పెట్టింది.

"ఈ పొర చూడండి. గులకరాళ్ళు ఎటు ఉన్నాయి?"

"పైన."

"ఇసుక?"

"మధ్యలో."

"బురద?"

డబ్బా మీదికి వంగి చూశాను, బురద అడుగున ఉంది. వరద తగ్గేటప్పుడు బరువైన గులకరాళ్ళు ముందు పడతాయి, తర్వాత ఇసుక, అన్నిటికన్నా చివర్న బురద. అందుకని ఏ పొరలోనైనా ముతక కింద, సన్నం పైన ఉంటుంది. మొదటి ఏడాది పిల్లలకి మొదటి వారంలో చెప్పే పాఠం అది. నేనూ చెప్పాను. చెప్పి, పరీక్షలో అడిగి, రాయనివాళ్ళకి సున్నాలు వేశాను.

"ఈ ఒక్క పొరేనా?"

"అన్నీ మేడమ్. మొత్తం కోర్ అంతా ఇలాగే ఉంది. ఎండకి నెర్రెలిచ్చిన బురద కూడా చూశాను. నెర్రె నోరు పైకి తెరుచుకోవాలి కదా. ఇక్కడ అన్నీ కిందికి తెరుచుకున్నాయి."

"అంటే?"

"కోర్ తలకిందులుగా పేర్చారు."

ఎలా జరిగిందో కూడా పిల్ల కనిపెట్టేసింది. బోరు వేసినవాళ్ళు కోర్ బయటికి తీయగానే దాని పొడవునా ఎర్రగీత ఒకటి, నల్లగీత ఒకటి పక్కపక్కన గీస్తారు. ముక్కలు విరిగినా పైన ఏదో కింద ఏదో మర్చిపోకుండా ఉండడానికి. ముక్కని నిలబెట్టి చూస్తే ఎర్రగీత కుడివైపు ఉండాలి, అప్పుడది సరిగ్గా నిలబడ్డట్టు. మా అందరి ఆచారం అది. బావ కుర్రవాడుగా ఉన్నప్పుడు పాత షెడ్డు కారి, చెక్కడబ్బాలు చెదలు తిని, లోతు రాసిన చీటీలన్నీ కుళ్ళిపోయాయి. అప్పుడు ఆయన విరిగిన అంచుల్ని ఒకదానికొకటి జతచేసి మొత్తం కోర్‌ని మళ్ళీ వరసలో పెట్టాడు. ఏ చివర పైది అన్నది గీతల్ని చూసి నిర్ణయించాడు. ఇంతవరకూ మెచ్చుకోవలసిందే. కానీ ఆ బోరు వేసిన ముఠా వేరే చోటి నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళ ఆచారంలో ఎర్రగీత ఎడమవైపు ఉంటుంది. అదే ముఠా తీసిన ఇంకో కోర్ చీటీలతో సహా పక్క ర్యాకులోనే భద్రంగా ఉంది. నత్త దాన్ని తీసి చూసింది. అందులో అన్ని ముక్కలకీ ఎర్రగీత ఎడమవైపే.

అంటే ఒకే ఒక్క కొండ. అన్ని కొండల్లాగే బుద్ధిగా లేచి, బుద్ధిగా అరిగింది. రెండో కొండ లేదు. దాని మంచు లేదు, ఏరులు లేవు.

నాకు ముందు నవ్వొచ్చింది. షెడ్డు మారుమోగేలా పొట్ట పట్టుకుని నవ్వాను. గోడల నిండా పటాలు, పుస్తకాలు, శాలువాలు, బిరుదులు, ఇవన్నీ డబ్బాని అటు తిప్పి పెట్టడం వల్ల వచ్చాయా! నత్త మాత్రం నవ్వలేదు.

"థీసిస్‌లో రాయొచ్చా మేడమ్?" అంది.

"రాయక? కోడి కూసినట్టు కూద్దాం."

"అది కాదు. నాకు ఉద్యోగం ఇస్తామన్నారు కదా."

అప్పుడు నాకు నవ్వు ఆగింది. ఇంకో సంస్థలో రాళ్ళ పొరల్ని చదివే ఉద్యోగం. అలాంటిది ఎన్నో ఏళ్ళకి ఒకటి పడుతుంది. నెలాఖరులోగా డిగ్రీ చేతికి వస్తేనే చేర్చుకుంటామని చెప్పారు. వాళ్ళ నాన్న షాపు మూతపడ్డాక ఇంటికి ఆధారం ఈ పిల్లే. డిగ్రీ ఇచ్చే కమిటీకి అధ్యక్షుడు బావ. మిగతా ఇద్దరిలో ఒకరు బావ పుస్తకాలన్నిటికీ ముందుమాటలు రాసిన పెద్దమనిషి, ఇంకొకరు లేని ఏరులకి పటాలు గీసిన ఆవిడ.

"రాయి," అన్నాను. "తర్వాత సంగతి నేను చూసుకుంటాను."

చూసుకోవడానికి ఆదివారం మా అక్కింటికి వెళ్ళాను. అక్కకి బావంటే దేవుడు. బావ దగ్గితే అక్క గ్లాసుతో నీళ్ళు తెస్తుంది, బావ తలుపు వేస్తే టీవీ గొంతు తగ్గిస్తుంది. హాల్లో బావ ఫొటోలున్న గోడని వారానికోసారి తుడుస్తుంది. పక్క గోడమీద బూజు వేలాడుతున్నా పట్టించుకోదు.

"ఏమే, బావని విసిగించడానికి వచ్చావా?" అంది తలుపు తీస్తూనే.

"లేదే, దర్శనం చేసుకుందామని."

బావ పేపరు చదువుకుంటున్నాడు. ఎదురుగా కూర్చున్నాను.

"బావా, నీ కోర్‌లో గులకరాళ్ళు పైన, బురద కింద ఉన్నాయి. ఎప్పుడైనా చూశావా?"

పేపరు కొంచెం దిగింది. కళ్ళు కనిపించాయి. మళ్ళీ పైకి లేచింది.

"నత్త చెప్పిందా?" అన్నాడు పేపరు వెనక నుంచి.

"ఎవరు చెబితే ఏం? ఉన్నాయా లేవా?"

"ఆఫీసు సంగతులు ఇంట్లో వద్దు మరదలా. వైవాలో చూద్దాం."

"వైవాలో ఆ పిల్లని ముంచేస్తావా?"

"భోంచేసి వెళ్ళు," అని లేచి లోపలికి పోయాడు. ఆయన లేచిన కుర్చీ కేసీ, నా కేసీ అక్క మార్చి మార్చి చూసింది. "ఆయన ముఖం చూశావా, ఎలా వాడిపోయిందో? కడుపు నిండిందా నీకు?" అంది. నాకు నిండలేదు. నీళ్ళు నమిలి తప్పించుకున్నాడని మండిపోయాను. జవాబు తెలియనివాడు అలాగే లేచిపోతాడనుకున్నాను.

వైవా కోర్ షెడ్డుని ఆనుకున్న చిన్న గదిలో పెట్టారు. పొడవాటి బల్ల, అవతల ముగ్గురూ, ఇవతల నత్త, మూల కుర్చీలో నేను. ముందుమాటాయన నత్త థీసిస్‌ని ఎంగిలి గిన్నెని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. పటాలావిడ అసలు తెరవనేలేదు.

"చూడమ్మా," అన్నాడు ముందుమాటాయన, "సార్ ఈ కోర్ మీద పని చేస్తున్నప్పటికి నువ్వు పుట్టలేదు."

"అవునండి. నేను పుట్టకముందే తలకిందులైంది," అంది నత్త.

ఈ పిల్లకి నా నోరు అంటుకుందని లోలోపల మురిసిపోయాను. పటాలావిడ మాత్రం ఎర్రబడింది. "పెద్దల ముందు మాట్లాడే పద్ధతేనా ఇది? మా ఏరుల పటాలతో ఎన్ని దేశాల్లో పాఠాలు చెబుతున్నారో తెలుసా నీకు?"

నత్త సంచీలోంచి ఒక కోర్ ముక్క తీసి బావ ముందు పెట్టింది.

"సార్, ఇందులో ఏ వైపు పైది?"

మొదటి ఏడాది పిల్లల్ని అడిగే ప్రశ్న, విభాగాధిపతిని అడిగింది. బావ ముక్కని చేతిలోకి తీసుకున్నాడు. కిటికీ వెలుగుకి పట్టి చూశాడు. బొటనవేలితో బురద పొర మీద రాశాడు. చేతిలో ముక్కని తిప్పి, రెండోవైపు పైకి వచ్చేలా బల్ల మీద నిలబెట్టాడు. ఎర్రగీత ఎడమవైపుకి వచ్చింది.

"ఇలా ఉండాలి," అన్నాడు. "అమ్మాయి చెప్పింది నిజమే. తలకిందులుగా పేర్చాను."

నా చెవుల్ని నేనే నమ్మలేదు. ఇంత తేలిగ్గానా! ఈ మనిషి గౌరవం కోసమని లక్ష వేషాలు వేస్తాడని, వాదిస్తాడని, అరుస్తాడని కాచుకుని కూర్చున్నాను. నా వెటకారాలన్నీ మడతపెట్టి తెచ్చుకున్నవి అలాగే ఉండిపోయాయి.

కానీ అసలు తమాషా అప్పుడు మొదలైంది.

"సార్ వినయం చూశారా!" అన్నాడు ముందుమాటాయన, కళ్ళు తుడుచుకుంటూ. "ఒక విద్యార్థిని నొప్పించకూడదని తన జీవితకాలపు కృషినే తగ్గించి మాట్లాడుతున్నారు."

"వినయం కాదయ్యా. తప్పుగా పేర్చాను," అన్నాడు బావ.

"అదే సార్ వినయమంటే."

పటాలావిడ కూడా గబగబా తలూపింది. "ఒక్క ముక్క చూసి తీర్పు చెప్పడం శాస్త్రం కాదు. మీకు ఈ మధ్య ఆరోగ్యం కూడా అంతంతమాత్రం. ఇంతమంది ఇన్నేళ్ళుగా ధ్రువీకరించిన దాన్ని మీరొక్కరే కాదంటే ఎలా కుదురుతుంది సార్?"

రెండో కొండని పుట్టించినవాడే అది లేదంటున్నాడు. దాని మీద ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు మాత్రం ఉందంటున్నారు. అంతకన్నా రోత పుట్టించే దృశ్యం నా ఉద్యోగ జీవితంలో చూడలేదు. బావ ఇంకేదో చెప్పబోయాడు. ముందుమాటాయన ఆయన భుజం మీద చెయ్యి వేసి, పెద్దవాళ్ళని సముదాయించినట్టు సముదాయించాడు. ఆ తర్వాత తనే దారి చూపించాడు.

"అమ్మాయి కష్టపడింది, కాదనం. డిగ్రీ ఇద్దాం. ఈ అధ్యాయం తీసేసి, దాని చోట ఒక్క వాక్యం రాస్తే చాలు. 'కొన్ని పొరలు స్థానికంగా తిరగబడి ఉండవచ్చు.' అంతే. అందరికీ మర్యాదగా ఉంటుంది. ఈ రోజే సంతకాలు పెట్టేస్తాం." నత్త వైపు తిరిగి, "ఉద్యోగం కూడా ఉందటగా?" అన్నాడు ఎంతో దయగా.

ఆలోచించుకోవడానికి కాసేపు బయటికి వెళ్ళమన్నారు. వరండాలో బల్ల మీద నత్త కూర్చుంది, పక్కన నేను. వెనకాలే బావ కూడా వచ్చాడు. లోపల తనని ఎవరూ వినడం లేదని వచ్చేశాడో, ఊపిరాడక వచ్చాడో తెలియదు. నత్తకి అవతలి పక్కన కూర్చున్నాడు.

"రాసెయ్యమ్మా," అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇప్పుడే కదా తప్పుగా పేర్చానన్నావు?"

"అన్నాను. విన్నారా? వినరు. ఈ పిల్ల ఎందుకు నష్టపోవాలి? ఒక్క వాక్యమే కదా. రాసేస్తే రేపే ఉద్యోగంలో చేరుతుంది. నేనూ రాశాను."

"ఏం రాశావు?"

"అదే వాక్యం. నా థీసిస్‌లో."

నాకు వెంటనే అర్థం కాలేదు. నత్తకి అర్థమైంది. ఆ పిల్ల బావ వైపుకి తిరిగి కూర్చుంది.

"మీకు అప్పుడే తెలుసా సార్?"

"డబ్బాలు సర్దడం అయిపోయాక, చివరి డబ్బాలో ఒక ముక్క చూశాను. గులకరాళ్ళు పైన ఉన్నాయి. తర్వాత ఇంకోటి చూశాను. మా గురువుగారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన అప్పటికే నేను పేర్చిన వరస చూసి రెండు కొండలని ఊరంతా చెప్పేసుకున్నాడు. 'స్థానికంగా తిరగబడి ఉండవచ్చని ఒక ముక్క రాసి పారెయ్, అవతల ఉద్యోగానికి చివరి తేదీ దాటిపోతోంది' అన్నాడు. రాశాను. ఆ వాక్యాన్ని ఒక్కరంటే ఒక్కరు చదవలేదు. ఎవరైనా అడుగుతారేమోనని కొన్నాళ్ళు భయంగా ఉండేది. తర్వాత భయం కూడా పోయింది."

ఇన్నాళ్ళూ నేను బావని తెలివితక్కువ దద్దమ్మ అనుకుని వెక్కిరించాను. పండగలకీ పెళ్ళిళ్ళకీ, అందరి ముందూ, నా ఇష్టం వచ్చినట్టు. ఆయన దద్దమ్మ అయి ఉంటే ఎంత బాగుండేది! దద్దమ్మని వెక్కిరించొచ్చు, క్షమించొచ్చు. తెలిసి తెలిసి ఆ పటాల ముందు అతిథుల్ని నిలబెట్టి వేలుపెట్టి చూపించిన మనిషిని ఏం చెయ్యాలో నాకు తోచలేదు. అసహ్యం వేసింది.

నత్త గొంతు మాత్రం మామూలుగానే ఉంది.

"అప్పుడు మీతో ఎవరైనా రాయొద్దని చెప్పారా సార్?"

"ఎవరు చెబుతారమ్మా? ఎవరూ చెప్పలేదు."

"నాకు మీరు చెప్పండి."

బావ ఆ పిల్ల ముఖంలోకి చూశాడు. చేతి రుమాలు తీసి, దాంతో ఏం చెయ్యాలో తెలియనట్టు మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"ఉద్యోగం పోతుంది," అన్నాడు.

"తెలుసు సార్. చెప్పండి."

"రాయకు," అన్నాడు బావ.

నత్త లేచి చున్నీ సర్దుకుని లోపలికి వెళ్ళిపోయింది. తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగింది గానీ వెనక్కి చూడలేదు.

నేను ఆగలేకపోయాను. "నీకేం పోయింది బావా? రాయకు అని చెప్పడానికి నోరు తప్ప ఇంకేం ఖర్చయింది? ఆ పిల్ల ఇంటికెళ్ళి వాళ్ళ నాన్నకి ఏం చెబుతుంది? నీ తప్పుకి అది ఉద్యోగం వదులుకోవాలి, నువ్వు ఇక్కడ బల్ల మీద కూర్చుని బాధపడాలి, అంతేనా?"

"ఏం చెయ్యమంటావు? చెప్పాను కదా, వినయం అన్నారు."

"తప్పుగా పేర్చానని చెప్పావు. తెలిసీ దాచానని చెప్పలేదు."

బావ గోడ మీది పటాలకేసి చూస్తూ కూర్చున్నాడు. నేను ఇక ఆయనతో మాట్లాడదలచుకోలేదు. లేచి వెళ్ళిపోదామనుకుంటుండగా మోకాలి మీద చెయ్యి ఆనించి, "అమ్మా" అంటూ లేచాడు. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు. తలుపు మూసుకోలేదు.

"కాసేపు ఆగండి," అన్న ఆయన గొంతు వినిపించింది. "ఈ అమ్మాయి ఆ వాక్యం రాయదు. ఆ వాక్యం నేను రాశాను. అప్పుడే నాకు తెలుసు. పొరపాటు కాదు, తెలిసే రాశాను. ఈ కుర్చీ నాకు ఆ వాక్యంతోనే వచ్చింది."

మిగతా ఇద్దరూ ఒక్కసారే మాట్లాడటం మొదలుపెట్టారు. మాటలు తెలియలేదు. ముందుమాటాయన గొంతు మాత్రం అంతకుముందెప్పుడూ బావ దగ్గర లేవనంత పైకి లేచింది.

నత్త బయటికి వచ్చింది.

"వాయిదా వేశారు మేడమ్. బయటివాళ్ళతో కొత్త కమిటీ వేస్తారట. ఎప్పుడో చెప్పలేదు."

నెలాఖరు ఎంతో దూరంలో లేదు. ఉద్యోగం పోయినట్టేనని ఇద్దరికీ తెలుసు. పిల్ల బల్ల మీద కూలబడి, రెండు చేతుల్లో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను.

"సార్ ఏరి?" అన్నాను ఏడుపు కాస్త తగ్గాక.

"లోపలే ఉన్నారు. ఎప్పుడు చూశారు, ఏ డబ్బా, ఇంకా ఎవరికి తెలుసు అని అడుగుతున్నారు." ముఖం తుడుచుకుంది. "నేను నిలబడ్డ చోట నిలబడి జవాబులు చెబుతున్నారు మేడమ్. కూర్చోమని ఒక్కరు కూడా అనలేదు."

తలుపు సందులోంచి బావ వీపు కనిపించింది. చొక్కా చెమటకి అంటుకుపోయి ఉంది. ఆయన మీద కోపం నాకు ఇసుమంతైనా తగ్గలేదు. ఆ గదిలో కూర్చుని ప్రశ్నలు వేస్తున్నవాళ్ళ మీద అంతకు పదింతలు పెరిగింది. రాయి ముఖం చూడకుండా నేను పొడిచేసినవన్నీ కూడా ఆ డబ్బాల్లోవే కదా, ఇంకా ఎవరికి తెలుసని అడిగినప్పుడు, తెలుసుకోవలసి ఉండీ తెలుసుకోనివాళ్ళలో నేను మొదటిదాన్ని కదా. నత్త చేతిలో నీళ్ళ సీసా పెట్టి, లోపలికి వెళ్ళి బావ పక్కన నిలబడ్డాను.